ఆ చిట్టా ఎవరి చేతిలో ఉంది?

న్యూయార్క్‌లో క్వీన్స్ వైపున్న జాక్సన్ హైట్స్ మనవాళ్ళకు బాగా తెలిసిన చోటే. పెళ్ళి చీరలు, నగలు, కందిపప్పు, కరివేపాకు కావాలంటే 74వ వీధికి వెళ్ళొచ్చే తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఎన్నో. ఆ వీధి వెళ్ళి కలిసేది రూజ్‌వెల్ట్ అవెన్యూలో. అక్కడ నడినెత్తిన ఇనప స్తంభాల మీద 7 నంబరు రైలు దడదడలాడుతూ పోతుంటుంది. ఆ పట్టాల కిందే తూర్పుకు, కరోనా పేట వైపు నడిస్తే చీరల కొట్లు వెనకబడి టాకో బండ్లు, ఊరికి డబ్బు పంపే దుకాణాలు మొదలవుతాయి. వాటి మధ్య చీకటి అద్దాల బార్లు. లోపల పాటకు రెండు డాలర్లిస్తే ఒకమ్మాయి వచ్చినవాడితో డాన్సు చేస్తుంది. బీరు కొనిపెడితే పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది. అతను చెప్పేది వింటుంది.

ఆ అమ్మాయిల్లో మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. వచ్చే కస్టమర్లలోనూ చాలామంది ఆ దేశం వాళ్ళే. పగలంతా ఇటుకలు మోసినవాళ్ళు, హోటలు వంటగదుల్లో అంట్లు తోమినవాళ్ళు. భార్యాపిల్లలు ప్యూబ్లాలోనో గెరేరోలోనో ఉంటారు. ముఖాలు చూసుకునేది ఫోన్లోనే.

వాళ్ళు తాగడం తప్పా, ఆ అమ్మాయి డాన్సు చేయడం తప్పా అని తీర్పు చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. ఒంటరివాడి పక్కన కూర్చుని డబ్బు తీసుకోవడం నేరమని ఈ పత్రిక అనుకోదు. మా భయం వేరు. ఈ వ్యాపారంలో కొన్నిచోట్ల అమ్మాయి సంపాదన ఆమె చేతికి రాదు. ఆమె అప్పు లెక్క ఇంకెవరో రాస్తారు, ఆ లెక్క ఎప్పటికీ తెగదు. ఇది ఎప్పటినుంచో ఉన్నదే. కానీ 2025 మొదట్నుంచి అమెరికాలో జరుగుతున్న మార్పుల వల్ల అలా ఇరుక్కున్న ఆడపిల్ల పోలీసు స్టేషను గడప తొక్కడానికి ఇదివరకటికన్నా ఎక్కువ భయపడే పరిస్థితి వచ్చింది. బెదిరించేవాడికి అంతకు మించిన మంచికాలం ఉండదు. తొందరపడి హెచ్చరించడానికి కారణం అదే.

ముందు డబ్బు ఎలా తిరుగుతుందో చూడాలి. క్వీన్స్‌లో లెక్క పాటతో. పాట మూడు నాలుగు నిమిషాలు. విడవకుండా ఆడితే గంటకు పదిహేను పాటలు, ముప్ఫై డాలర్లు. అలా విడవకుండా ఆడే గంటలు శుక్ర, శని వారాల్లోనే దొరుకుతాయి. వాన పడిన మంగళవారం రాత్రి అద్దం ముందు కూర్చుని లిప్‌స్టిక్ సరిచేసుకోవడమే. చాలా చోట్ల జీతమంటూ ఉండదు. చెప్పులు, మేకప్పు, అర్ధరాత్రి దాటాక ఇంటికి టాక్సీ, పిల్ల ఉంటే ఆ పిల్లను చూసుకునే ఆవిడకిచ్చేది, అన్నీ ఆ రెండు డాలర్లలోంచే.

లాస్ ఏంజెలెస్‌లో లెక్క నిమిషాలతో. అక్కడి హోస్టెస్ క్లబ్బుల్లో కస్టమరు ఒకమ్మాయిని పిలవగానే, మిల్లు కార్మికులకు హాజరు వేసే యంత్రంలాంటి దాంట్లో కార్డు పెట్టి ముద్ర కొడతారు. లేచేటప్పుడు మళ్ళీ ముద్ర. ఈ రెండు ముద్రల మధ్య నిమిషాలకు బిల్లు. మాట్లాడినా, ఆడినా, మౌనంగా టీవీలో ఫుట్‌బాల్ చూసినా ఒకటే ధర. వచ్చిన దాంట్లో క్లబ్బు వాటా తీసుకుంటుంది.

టెక్సస్‌లో కాంటీనాలనే మెక్సికో తరహా బార్లలో లెక్క బీరుతో. మగవాడు తన కోసం కొనుక్కునే సీసాకు మామూలు ధర. పక్కనున్న అమ్మాయికి కొనిపెట్టే సీసాకు దానికి ఎన్నో రెట్లు. ఆ పై డబ్బులో ఆమెకు కొంత వాటా. ఆమె ఎన్ని సీసాలు అమ్మించిందో బారు వెనక ఎవరో గుర్తు పెట్టుకుంటారు, లేదా సీసాకో బిళ్ళ ఇస్తారు. మెక్సికో నగరంలోని పాత కాబరేల్లో ఈ బిళ్ళల పద్ధతే నడిచేది. ఆ బిళ్ళ పేరుతోనే ఆ ఆడవాళ్ళను ఫిచేరాలన్నారు. 1970ల్లో మెక్సికో సినిమావాళ్ళు వాళ్ళ మీద బూతు హాస్యం సినిమాలు వరసపెట్టి తీసి డబ్బు చేసుకున్నారు. నిజం ఫిచేరాలకు అందులో పైసా ముట్టి ఉండదు.

ఈ బీరు లెక్కలో ఒక సంగతి బయటివాళ్ళకు తోచదు. వాటా రావాలంటే ఆ సీసా ఖాళీ కావాలి. కస్టమరు కళ్ళ ముందే ఆమె తాగాలి, తొందరగా తాగాలి, అప్పుడే ఇంకోటి తెప్పిస్తాడు. అందుకే ఆడవాళ్ళ కోసం చిన్న సీసాలు పెడతారు. అయినా రాత్రికి ఎన్ని దిగుతాయో, వారానికి ఎన్ని రాత్రులో లెక్క వేసుకోండి. అద్దె కట్టడానికి తాగాల్సి రావడం ఏ ఉద్యోగంలోనూ ఉండకూడని షరతు. సగం తాగి సీసా మార్చడం, బాత్రూములో పారబోయడం, కావాలని కక్కేసి రావడం లాంటి ఉపాయాలు ముందొచ్చినవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పుతారు. తాగిన మనిషికి తన లెక్క తాను గుర్తుపెట్టుకోవడం కష్టం. అక్కడే పుస్తకం చేతిలో ఉన్నవాడికి పండగ.

ఇదంతా ఈ మధ్య పుట్టుకొచ్చిన వ్యాపారం కాదు. షికాగోలో డబ్బిచ్చి డాన్సు చేసే హాళ్ళ మీద పాల్ క్రెస్సీ అనే సామాజిక శాస్త్రవేత్త 1932లోనే ఒక పుస్తకం వేశాడు. అప్పుడు పాటకు పది సెంట్లు, అందులో సగం అమ్మాయికి, సగం హాలుకు. అమ్మాయిల్లో పోలండు వలస కుటుంబాల వాళ్ళు ఉండేవారు. వచ్చేవాళ్ళలో ఫిలిప్పీన్స్ నుంచి ఒంటరిగా వచ్చి హోటళ్ళలో పనిచేసే కుర్రాళ్ళు చాలామంది. పెళ్ళాం లేని, ఊరు లేని, భాష రాని మగవాళ్ళను ఒక దేశం పనికోసం రప్పించుకుంటే ఆ పక్కనే ఇలాంటి హాలు వెలుస్తుంది. వందేళ్ళ కిందటా అంతే, ఇప్పుడూ అంతే.

ఇప్పటి ఒంటరితనానికి మాత్రం ఒక తారీఖు ఉంది. 1990ల వరకూ మెక్సికో కూలీలు పంటల కాలంలో వచ్చి, పని అయ్యాక ఇంటికి పోయి, మళ్ళీ వచ్చేవాళ్ళు. 1994లో శాండియాగో దగ్గర ఆపరేషన్ గేట్‌కీపర్ పేరుతో సరిహద్దు బిగించారు. తర్వాత మిగతా చోట్లా బిగించారు. దాటించే బ్రోకరు రేటు వందల డాలర్ల నుంచి వేల డాలర్లకు పెరిగింది. ఒకసారి దాటినవాడు, మళ్ళీ అంత అప్పు ఎక్కడ తేనని, వెనక్కి పోవడం మానేశాడు. తల్లి చచ్చిపోయినా ఫోన్లో ఏడవడమే. రాకుండా ఆపాలని కట్టిన గోడ వచ్చినవాణ్ణి పోనివ్వకుండా చేసింది. శనివారం రాత్రి ఆ బార్లలో కూర్చునేది వాళ్ళే. వాళ్ళ ఎదుట కూర్చునే అమ్మాయి కూడా అదే గోడను అంతకన్నా పెద్ద అప్పుతో దాటి వచ్చింది.

ఆ అప్పు దగ్గరే అలాంటి ఇద్దరు అమ్మాయిల దారులు వేరవుతాయి. తన అప్పు తానే తీర్చుకుంటూ, వారానికింత అమ్మకు పంపుకుంటూ, నచ్చకపోతే పక్క బారుకు మారగల అమ్మాయి ఒకరు. ఆమెకు కష్టాలున్నాయి, మోసాలున్నాయి, కానీ ఆమె బతుకు ఆమె చేతిలో ఉంది. ఇళ్ళు తుడవడం కన్నా, కుట్టు ఫ్యాక్టరీలో వీపు వంచడం కన్నా ఇదే నయమని ఆమె అంటే ఆ మాటను నమ్మాలి. రెండో అమ్మాయిది ఇంకో కథ. దాటించినవాడూ, గది ఇచ్చినవాడూ, కారులో దింపేవాడూ, పుస్తకం రాసేవాడూ ఒక్కడే లేదా ఒక్క ముఠా. ఆలస్యమైతే జరిమానా, జ్వరమొస్తే జరిమానా. గది అద్దె, తిండి, బట్టలు అన్నీ అప్పులోకే. ఇద్దరూ పక్కపక్క స్టూళ్ళ మీదే కూర్చుంటారు, ఒకే రకం లిప్‌స్టిక్ వేసుకుంటారు. చూసినవాడికి తేడా తెలియదు. చిట్టా చూస్తేనే తెలుస్తుంది.

హ్యూస్టన్‌లో 2005 నవంబరులో బయటపడింది ఇలాంటి చిట్టానే. రెస్టారెంట్లలో మంచి ఉద్యోగాలిప్పిస్తామని ఎల్ సాల్వడార్, హోండూరస్‌లాంటి మధ్య అమెరికా దేశాల పల్లెల నుంచి ఆడపిల్లలను తీసుకొచ్చి, దాటించిన ఖర్చు తీరేదాకా అంటూ ఆ నగరపు బార్లలో, కాంటీనాల్లో మగవాళ్ళ పక్కన కూర్చోబెట్టి ఎక్కువ ధరకు మందు అమ్మించారు. పారిపోతే ఊళ్ళో మీవాళ్ళను ఏంచేస్తామో చూడండని బెదిరించారు. ముఠా నాయకుడికి పదమూడేళ్ళ శిక్ష పడింది. బాధితులకు పదిహేడు లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని కోర్టు ఆదేశించింది. అక్కడ వాళ్ళ మీద ప్రయోగించిన ముఖ్యమైన ఆయుధం తుపాకీ కాదు, అప్పు.

ఆ నగరంలోనే లాస్ పాల్మాస్ అనే కాంటీనా నడిపిన పెద్దావిడ కేసు ఇంకా ఘోరం. మెక్సికో నుంచి తెచ్చిన అమ్మాయిలను, వాళ్ళలో మైనర్లను కూడా, మేడ మీద గదుల్లో ఉంచి వ్యాపారం చేయించింది. 2016 జనవరిలో ఆమెకు యావజ్జీవం పడింది. అప్పటికి ఆమె వయసు ఏడు పదులు. దళారులంటే మీసాలున్న మగవాళ్ళే అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాదే పొలారిస్ అనే సంస్థ, తన సహాయ ఫోన్లకు వచ్చిన కేసులను చూసి, లాటిన్ అమెరికా నుంచి వచ్చి ఇలాంటి బార్లలో చిక్కుకున్నారని అనుమానించదగ్గవాళ్ళు ఇరవై రాష్ట్రాల్లో 1,300 మందికి పైగా ఉన్నారని చెప్పింది. ఫోను దాకా రాగలిగినవాళ్ళ లెక్క అది.

అప్పుతోనే కాదు, ప్రేమ పేరుతోనూ ఇరికిస్తారు. మెక్సికోలో త్లాస్కాలా రాష్ట్రంలో తెనాన్సింగో అనే చిన్న ఊరుంది. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో చర్చి. ఆ ఊరి దళారులు పిల్లను ఎత్తుకుపోరు, ప్రేమిస్తారు. ఇంకో రాష్ట్రంలో బస్టాండు దగ్గరో, పార్కులోనో, పనిమనిషిగా చేసే పదహారేళ్ళ పిల్లను చూసి మాట కలుపుతారు. మంచి బట్టలు, మంచి కారు, మర్యాదైన మాట. కొన్ని వారాలకే పెళ్ళంటారు, ఇంటికి తీసుకెళ్ళి అమ్మకు పరిచయం చేస్తారు. తర్వాత అమెరికా పోయి సంపాదించుకుందాం అంటారు. దాటాక, ఇక్కడ బతకాలంటే కొన్నాళ్ళు ఇది చెయ్యక తప్పదు, మన ఇల్లు కోసమే కదా అంటారు. ఆ పిల్లల్లో చాలామంది చేరేది క్వీన్స్‌కే. ఆ ఊరి కర్రెతో కుటుంబం కేసులో 2006లో బ్రూక్లిన్ కోర్టు ఇద్దరన్నదమ్ములకు చెరి యాభై ఏళ్ళ శిక్ష వేసింది. ఆ కేసులో అన్నిటికన్నా గుండె పిండే విషయం, అమ్మాయిలకు పుట్టిన పసివాళ్ళు మెక్సికోలో ఆ అన్నదమ్ముల తల్లి దగ్గర ఉండటం. నాయనమ్మ మనవణ్ణి పెంచుతోందని ఊరు అనుకుంటుంది. బిడ్డ అక్కడ ఉండగా తల్లి ఇక్కడ ఎదురు తిరగగలదా?

చట్టం లేదని కాదు. 2000లో అమెరికా చేసిన చట్టం ఇలా అమ్ముడుపోయినవాళ్ళకు టి వీసా అనే రక్షణ ఇచ్చింది, ఏడాదికి ఐదువేల వరకు. నేరానికి బలై పోలీసులకు సహకరించినవాళ్ళకు యు వీసా ఉంది, ఏడాదికి పదివేలు. దాని క్యూలో ఏళ్ళ తరబడి పడిగాపులు. కూలి చట్టం సంగతీ అంతే. గంటకు ఏడు డాలర్ల పాతిక సెంట్లకు తక్కువ ఇవ్వకూడదన్న ఫెడరల్ నియమం 2009 నుంచి అదే అంకె మీద ఉంది, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో అంతకన్నా చాలా ఎక్కువ. పేపర్లు లేని పనివాళ్ళకూ ఆ కూలి హక్కు ఉంది. ఈ మాట ఎన్ని బార్లలో ఎంతమంది అమ్మాయిలకు చెప్పారు?

చట్టంలో ఇంకో మెలిక ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కాలిఫోర్నియాలో కమీషన్ ఇచ్చి అమ్మాయిలతో మందు అమ్మించడం నేరం. బాగానే ఉంది. కానీ నాకో బీరు కొనిపెట్టమని కస్టమరును అడగడం కోసం బారులో తిరిగే మనిషిది కూడా నేరమే. అంటే ఆమె ఫిర్యాదు చేస్తే మొదట ఒప్పుకోవాల్సింది తన నేరాన్ని. యజమాని ఆమెకు ఈ సంగతి మొదటి రోజే చెబుతాడు. చట్టం గురించి ఆమెకు తెలిసేది అదొక్కటే.

2025 జనవరి దీన్నంతటినీ ఇంకో మెట్టు దించింది. కోర్టులు, ఆసుపత్రులు, చర్చిల దగ్గర వలస అధికారులు మామూలుగా ఎవరినీ పట్టుకోకుండా ఉండాలన్న పాత నియమాన్ని తీసేశారు. నేరాలకు బలైన వలసదారులతో, వాళ్ళ అర్జీలు పెండింగులో ఉండగా ఆచితూచి వ్యవహరించాలని 2021లో వలస అధికారులకు ఇచ్చిన ఆదేశాన్నీ అదే నెలలో రద్దు చేశారు. అంతకుముందు, 2024 అక్టోబరులో, అప్పటి న్యూయార్క్ మేయరు రూజ్‌వెల్ట్ అవెన్యూను శుభ్రం చేస్తామంటూ తొంభై రోజుల ఆపరేషను ప్రకటించారు. ఆ వీధిలో కాపురముండేవాళ్ళ విసుగు అబద్ధం కాదు, పిల్లలను బడికి తీసుకెళ్ళే దారి అది. కానీ దాడి జరిగిన రాత్రి వ్యానెక్కేది స్టూలు మీద కూర్చున్న అమ్మాయి. పుస్తకం రాసేవాడు ఆ రాత్రి అక్కడ ఉండడు. మర్నాడు ఇంకో వీధిలో ఇంకో తలుపు తెరుస్తాడు. కిటికీలు ఇంకాస్త చిన్నవిగా ఉంటాయి.

"పోలీసుల దగ్గరికి పో, నిన్నే పంపించేస్తారు" అన్న మాట ఇదివరకు సగం అబద్ధం. నిలదీసి చెప్పే లాయరో, చర్చి సిస్టరో ఉంటే ఆ అబద్ధాన్ని విప్పి చూపించేవాళ్ళు. ఇప్పుడు ఆ లాయరు కూడా, కేసు గెలవొచ్చు గానీ ఈలోపు నిన్ను పట్టుకోరని మాటివ్వలేను అని చెప్పాల్సిన రోజు. ముఠావాడి బెదిరింపుకు ప్రభుత్వం సాక్షి సంతకం పెట్టినట్టయింది.

ఇందులో తెలుగువాళ్ళకేం పని అనేవాళ్ళు ఉంటారు. పని ఉంది. గల్ఫ్‌కు మనుషులను పంపే జిల్లాలకు ఈ కథలో తెలియనిది ఏమీ లేదు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కు ఇంటి పనికి పోయిన ఆడవాళ్ళను అడిగితే, ఏజెంటుకు కట్టిన అప్పు, సేఠు బీరువాలో పాస్‌పోర్టు, కట్ చేసిన జీతం, ఇంట్లోంచి బయటపడితే ఖల్లివల్లి, అంటే కాగితాల్లేకుండా పారిపోయిన మనిషి, అన్న ముద్ర, అన్నీ వాళ్ళే వరసగా చెబుతారు. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఇంటి పనికి గల్ఫ్ దేశాలకు పంపకూడదని మన ప్రభుత్వ నియమం. దాన్ని దాటడానికి ఏజెంట్లు కనిపెట్టిన దారి విజిట్ వీసా. టూరిస్టులా ఎయిర్‌పోర్టు దాటిస్తారు. తీరా అక్కడ దిగాక ఆమె పేరు ఏ ఉద్యోగుల జాబితాలోనూ ఉండదు. రక్షించడం కోసం పెట్టిన నియమం తెలియని పిల్లను మరింత చీకట్లోకి నెట్టడం ఇక్కడా జరిగింది.

అమెరికాలోనే మనవాళ్ళ కథ ఒకటుంది. తెలుగు సంఘాల సాంస్కృతిక కార్యక్రమాల పేరు చెప్పి సినిమాల్లో చిన్న వేషాలు వేసే అమ్మాయిలను టూరిస్టు వీసాల మీద రప్పించి, ఒంటి మీద వ్యాపారం చేయించారని ఒక తెలుగు దంపతుల మీద 2018లో షికాగోలో ఫెడరల్ కేసు నమోదైంది. ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర, ఎంత వసూలైందో రాసిన లెక్కల పుస్తకాలు ఇంట్లో దొరికాయని కోర్టు కాగితాల్లో ఉంది. అప్పుడు మన టీవీలు వారం రోజులు ఏ హీరోయిన్ వెళ్ళింది, ఏ హీరోయిన్ వెళ్ళలేదు అని చర్చలు పెట్టాయి. ఆ లెక్కల్లో ఉన్న పెద్దమనుషులు ఎవరని అడిగిన యాంకరు మాకైతే గుర్తులేడు. హైదరాబాదులో పబ్బు మీద దాడి జరిగినప్పుడు కూడా అంతే కదా. "గుట్టు రట్టు" అని ఎర్ర అక్షరాలు, ముఖానికి చున్నీ కప్పుకున్న ఆడపిల్లల వీడియో. ఆ పిల్లలకు జీతమెంత, బిల్లు మీద కమీషనెంత, తెల్లారి ఎవరు దింపుతారు అన్న ప్రశ్న రిపోర్టరు అడగడు. ముంబయిలో 2005లో డాన్సు బార్లు మూసినప్పుడు వేలమంది ఆడవాళ్ళ పొయ్యి ఆరిపోయింది. సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదని 2013లో చెప్పేదాకా ఎనిమిదేళ్ళు వాళ్ళు ఎక్కడెక్కడికి పోయారో లెక్క రాసినవాడు లేడు.

కాబట్టి కొన్ని మాటలు సూటిగా చెప్పాలి. హ్యూస్టన్, డాలస్, న్యూజెర్సీ, క్వీన్స్‌లలో ఒంటరిగా ఉంటున్న మన కుర్రాళ్ళకు మొదట. మీ ఒంటరితనాన్ని మేము వెక్కిరించడం లేదు. గదిలో నలుగురున్నా మాట్లాడే మనిషి లేని బతుకు మీది. వీసా స్టాంపింగు భయంతో మూడేళ్ళుగా ఊరికి రాని బతుకు. అలాంటి చోటికి ఎప్పుడైనా వెళ్తే, ఎదురుగా ఉన్న అమ్మాయి మీద జాలి చూపించి, నేను నిన్ను విడిపిస్తా అని సినిమా డైలాగులు చెప్పకండి. ఆ మాట ఆమె ఇదివరకే విన్నది, చెప్పినవాడే ఆమెను అక్కడికి తెచ్చి ఉండొచ్చు. కళ్ళు తెరుచుకుని చూడండి చాలు. ఆమెకు మీరిచ్చిన టిప్పు ఆమె పర్సులోకే పోతోందా, ఇంకొకడు వచ్చి తీసుకుపోతున్నాడా? బయటికి ఒంటరిగా సిగరెట్టుకో గాలికో వస్తోందా, వెంట ఎవడైనా ఉంటున్నాడా? ఏ ఊళ్ళో ఉన్నదీ, ఈ వీధి పేరేమిటో ఆమెకు తెలుసా? వయసు అడిగితే ప్రతిసారీ ఒకే జవాబు వస్తోందా? పద్దెనిమిది నిండని పిల్ల అని అనుమానం వస్తే ఆ క్షణమే లేచి బయటికి రండి, తర్వాత ఏం చేయాలో కింద రాశాం. మేడ మీదికో, వెనక గదికో పిలిస్తే మీరు ఇక కస్టమరు కాదు, కేసులో ముద్దాయి. వీసా మీద ఉన్నవాడికి అది ఎక్కడితో ఆగుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

అక్కడే గ్యాస్ స్టేషన్లు, మోటెళ్ళు, స్ట్రిప్ మాళ్ళు నడిపే మనవాళ్ళకు ఇంకో మాట. మీ అద్దెదారు ఎవరన్నది మీకు తెలిసే ఉంటుంది. వారం వారం నగదు అద్దె, అద్దాలకు నల్ల రంగు, పగలు తాళం, ఒకే వ్యానులో ఆరేడుగురు అమ్మాయిలు దిగడం, అదే వ్యాను మూడింటికి మళ్ళీ రావడం. ఇవి చూసి కూడా అద్దె వేళకు వస్తే చాలనుకుంటే, మోటెలు యజమానులను కూడా కోర్టుకీడ్చే హక్కు బాధితులకు అమెరికా చట్టం ఇచ్చిందని తెలుసుకోండి. మీ షాపులో చదువుకునే వీసా మీద ఉన్న తెలుగు పిల్లాడితో దొంగతనంగా పనిచేయించుకుని, గంటకు సగం డబ్బులిచ్చి, అడిగితే కంప్లైంటు ఇస్తానని బెదిరించేవాళ్ళు మనలోనూ ఉన్నారు. చిట్టా సైజు చిన్నదే, చేతిరాత ఒక్కటే.

ఇక్కడ ఊళ్ళల్లో ఉన్న తల్లిదండ్రులు ఒకటే చూసుకోవాలి. పిల్ల పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, టిక్కెట్టు డబ్బు ఎవరు పెడుతున్నారు, అది తిరిగి ఎలా తీరుస్తారు, కాగితం మీద ఉందా? ఏజెంటు పేరు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు జాబితాలో లేకపోతే వాడు ఎంత దగ్గర చుట్టమైనా సరే సంతకం పెట్టకండి. చుట్టమే అయితే ఇంకొంచెం అనుమానించండి. తెనాన్సింగో కథలో పిల్లను తీసుకెళ్ళింది అల్లుడి వేషంలో వచ్చినవాడే.

టెక్సస్, న్యూయార్క్ అధికారులు మా తెలుగు సంపాదకీయం చదవరు. అక్కడ ఓటున్న తెలుగువాళ్ళు చదువుతారు. మీ కౌన్సిల్ మెంబరునూ, షెరిఫ్‌నూ అడగండి, దాడి చేసినప్పుడు అమ్మాయిలను విడిగా, అనువాదకుణ్ణి పెట్టి, వలస అధికారి లేకుండా ఎవరైనా మాట్లాడుతున్నారా అని. బారు తనిఖీకి వెళ్ళే లేబరు ఇన్‌స్పెక్టరు కూలీ పుస్తకం చూస్తున్నాడా అని. మేము అడుగుతున్నది దాడులు ఆపమని కాదు, పుస్తకం పట్టుకోమని.

అనుమానం వచ్చినవాళ్ళు లోపలికి పోయి హీరోలు కావద్దు. ఆమెను పక్కకు పిలిచి ప్రశ్నలు వేయొద్దు, ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమె. ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. అమెరికాలో మనుషుల అక్రమ రవాణా మీద జాతీయ సహాయ ఫోను 1-888-373-7888, రాత్రీ పగలూ ఎత్తుతారు, అనువాదకులు ఉంటారు. మీ పేరు చెప్పనక్కర్లేదు. ప్రాణం మీదికి వచ్చినట్టు కనిపిస్తే 911. చెప్పేటప్పుడు బారు పేరు, వీధి, ఏ వారాల్లో ఏ వేళ తెరుస్తారు, అమ్మాయిలను దింపే బండి నంబరు, డబ్బు ఎవరి చేతికి పోతోంది అన్నవి చెప్పండి. ఆ చివరిది మర్చిపోవద్దు.